కోడుమూరు మగ్గమునకు మూలధనము

నూతనముగా ఒక వస్త్రవ్యాపారమును స్థాపింపవలెనని తలపోయు యువతీయువకులు మన సీమలో లేకపోలేదు. కర్నూలులోనో అనంతపురములోనో ఇంజనీరింగు ముగించి, బెంగళూరులోనో హైదరాబాదులోనో కొన్నేండ్లు కొలువు చేసి, ఆ నెలజీతపు బ్రతుకుపై విసుగు పుట్టి, మా ఊరి మగ్గముపై నేసిన బట్టకు మేమే ఒక పేరు పెట్టి లోకమునకు అమ్మెదమని బయలుదేరు వీరి సంకల్పము శ్లాఘనీయమే. అయితే పడుగునకు ఏ నూలు తగునో, పేకకు ఏది తగునో, నేసిన చీరను ఏ ఊరివారు ఏ మాసములో కొందురో తెలియకమునుపే, కోటి రూపాయలు ఎవరు పెట్టెదరో తెలిసికొనుటకు వీరు తొందరపడుదురు. 2021 డిసెంబరులో ఆరంభమైన షార్క్ ట్యాంక్ ఇండియా అను టెలివిజను కార్యక్రమము ఈ తొందరకు ఒక విధమైన గౌరవమును గూడ కల్పించినది. వేదికపై నిలిచిన యువకుడు కోటి రూపాయలకు ఇరువది శాతము వాటా నిచ్చెదననును. అనగా ఇంకను నిలదొక్కుకొనని తన సంస్థ అయిదు కోట్లు చేయునని నిశ్చయించుకొని వచ్చినాడన్నమాట. ఎదుట కూర్చున్న ధనికులు బేరమాడుదురు, కొందరు నవ్వుదురు, ఒకరు చేయి కలుపుదురు. దీనిని చూచిన మన పిల్లలు మూలధనమనగా ఇట్లు వచ్చునదే కాబోలునని భ్రమపడుటలో వింత లేదు.

ఈ భ్రమను కోడుమూరు మగ్గముల యొద్ద నిలిచి పరీక్షింపదగును. కర్నూలు నుండి ఎమ్మిగనూరునకు పోవు బాటలో, హంద్రి పరీవాహమున, వాన కురిసిన పత్తియు వేరుసెనగయు పండి, కురియనియెడల వలసలు సాగు మెట్టప్రాంతపు ఊరిది. ఇచ్చటి నేతగాండ్రు తరతరములుగా గద్వాల పద్ధతి చీరలు నేయుచున్నారు. తుంగభద్ర కావలి గట్టున, కృష్ణకును దానికిని నడుమ నున్న గద్వాల సంస్థానపు ఆదరమున పేరెక్కిన ఆ నేత, నది దాటి ఈవలి ఊళ్లలో గూడ కుదురుకొన్నది. హైదరాబాదు దుకాణములో దీపముల వెలుగులో పరచిన చీర కోడుమూరులో నేసినదైనను, దానిపై వ్రాసియుండునది గద్వాల పేరే. నేర్పు ఈ ఊరిది, కీర్తి ఆ ఊరిది, లాభము మూడవ ఊరిది. గద్వాలపై నాకు ఈర్ష్య లేదు. కాని తన సొంతపేరు లేని సరకునకు పెట్టుబడి అడుగబోవువాడు ఈ సంగతిని మొదటనే గుర్తించుట మేలు.

ఈ చీరలో ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. ఒడలి పేకకును అంచు పేకకును వేర్వేరు నాడెలు నడుచును. రెండు పేకలును కలియు చోట ఒకదానితో నొకటి మెలివేసికొని, తెగని కూడలిగా ఏర్పడవలయును. మగ్గపుగుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నవానికి ప్రక్కన సాయము కూర్చున్నవారు లేనిదే ఈ పని సాగదు. నేతగానికి ముందు ఆసు పోయువారు, కండెలు చుట్టువారు, పడుగు సాగదీయువారు, రంగు వేయువారు గలరు. వీరిలో అధికభాగము ఇంటి ఆడవారే యగుటచే వారి శ్రమ ఏ లెక్కలోను ఎక్కదు. వానకాలములో గుంతలో చెమ్మ ఊరి పడుగు బిగువు చెడును. ఆ దినములలో మగ్గము ఆడదు, ఇల్లు గడువదు. కుటుంబమంతయు పాటుపడినను ఒక చీర దిగుటకు వారము పట్టుట సామాన్యము. జరీపని హెచ్చైనకొలది దినములును హెచ్చును.

ఇప్పుడు ఒక లెక్క వేయుదము. ఈ అంకెలు కేవలము ఊహకు తెచ్చుకొన్నవి. వివరము తెలిసినవారు వీనిని సవరించుకొనవచ్చును. పది మగ్గములతో ఒక సంస్థ ఆరంభించితిమనుకొందము. మగ్గమునకు నెలకు నాలుగు చీరల చొప్పున నలువది చీరలు వచ్చును. నూలు, పట్టు, జరీ, రంగు, మజూరి అన్నియు కలిసి చీరకు 6,000 రూపాయలైనచో నెలకు 2,40,000 రూపాయలు కావలయును. సరకు కొన్న దినము నుండి చీర మడత వేయు దినము వరకు నెలన్నర. అది దుకాణమునకు చేరి, అమ్ముడుపోయి, దుకాణదారుడు సొమ్ము పంపుటకు మరి రెండున్నర నెలలు. ఈ నాలుగు నెలలును మగ్గము ఆగరాదు, నేతగాని పొయ్యి ఆరరాదు. కావున మొదటి రూపాయి తిరిగివచ్చులోపల 9,60,000 రూపాయలు నూలుగాను పట్టుగాను మారి, మగ్గములమీదను దుకాణపు బీరువాలలోను నిద్రించుచుండును. యంత్రములు, భవనములు, ప్రకటనలు, ఆన్‌లైను దుకాణపు హంగులు ఏవియు ఈ లెక్కలో లేవు. చేనేతలో ధనముతో మనము కొనునది ప్రధానముగా కాలము. వ్యవధిని భరించుటకే మూలధనము.

ఈ వ్యవధిని కోడుమూరులో నేటివరకు భరించుచున్నవాడు మాస్టర్ వీవరు. నూలును పట్టును తానే ఇచ్చి, డిజైను తానే చెప్పి, చీరకింత యని మజూరి ముట్టజెప్పి, పెండ్లికో జబ్బునకో అడ్వాన్సు ఇచ్చి, ఆ అడ్వాన్సు తీరువరకు మగ్గమును తన కట్టుబాటులో ఉంచుకొనునతనిని తిట్టుట మన పత్రికలలో ఆచారమైపోయినది. ఆ తిట్టులో న్యాయము లేదనను. 2019–20లో జరిగిన నాలుగవ అఖిలభారత చేనేత గణనలో నేతకుటుంబములలో ఇంచుమించు మూడింట రెండు వంతులు నెలకు 5,000 రూపాయల లోపు ఆర్జనతోనే గడుపుచున్నవని తేలినది. ఆ కుటుంబములకును దుకాణపు ధరకును నడుమ నున్నవారు జవాబు చెప్పవలసియే యున్నది. అయినను ఆషాఢములో చీరలు కదలక మూటలు పేరుకొనినపుడు వానిని తన ఇంట పెట్టుకొని, మజూరి ఆపక ఇచ్చువాడు అతడొక్కడే. ఊరిలో నిజమైన పెట్టుబడిదారుడు అతడే. అతనికంటె తక్కువ ధరకు ఆ ఓర్పును ఎవరిత్తురనునదే ప్రశ్న.

బయటి అప్పు సంగతి చూడుడు. మనవైపు రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ యనగా నూటికి నెలకు అని అర్థము. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ముతో 6,000 రూపాయల చీర నాలుగు నెలలు నిలిచినచో దానిపై వడ్డీయే 480 రూపాయలు. కేంద్రప్రభుత్వము నేతగాండ్రకు ముద్రా పథకము క్రింద ఏడాదికి 6 శాతము వడ్డీకే రుణమిచ్చు ఏర్పాటు చేసినది. ఆ లెక్కన అదే చీరపై 120 రూపాయలు మాత్రమే పడును. నలువది చీరలకు నెలకు 14,400 రూపాయల వ్యత్యాసము. ఒక పెట్టుబడిదారునికి వాటా నిచ్చి బోర్డులో కుర్చీ వేయుటకు ముందు, బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుండుట నేర్వవలెనని నేననుటకు ఇదియే హేతువు. బ్యాంకువారు తిప్పుకొందురు, కాగితములు అడుగుదురు, హామీ అడుగుదురు, నిజమే. పెట్టుబడిదారుడు అంతకంటె ఎక్కువే అడుగును.

అతడేమి అడుగునో స్పష్టముగా తెలిసికొనవలయును. సాహసపెట్టుబడి నిధి యనునది ఇతరుల సొమ్మును పోగుచేసి, సుమారు పదేండ్ల గడువులో తిరిగి అప్పగింపవలసిన ఏర్పాటు. అది పది సంస్థలలో పెట్టిన ధనము ఏడింట మునిగినను, మిగిలిన మూడింట నష్టమంతయు పూడి లాభము రావలయును. అట్టి ధనమునకు ఏడాదికి నూటికి పదిహేను రూపాయలు నిలకడగా ఇచ్చు మంచి వ్యాపారము పనికిరాదు. అయిదారేండ్లలో పదింతలు కాగలది కావలయును. బళ్లారిలోను, మన రాయదుర్గములోను జీన్సు కుట్టు పరిశ్రమ గలదు. అచ్చట ధనము చేతికందిన, మరి పది మిషన్లు కొని, పదిమంది దర్జీలను చేర్చుకొనిన ఉత్పత్తి హెచ్చును. కోడుమూరులో ధనము పదింతలైనంత మాత్రమున మగ్గములు పదింతలు కావు. అంచు కూడలి వేయగల చేయి తయారగుటకు ఏండ్లు పట్టును; తండ్రి మగ్గముపై ఆర్జించునది చూచిన కుమారుడు కర్నూలు దుకాణములో గుమాస్తాగా చేరుచున్నాడు. ఇట్టి చోట త్వరగా పెరుగవలెనని ఒత్తిడి తెచ్చు ధనము ఎచ్చటికి ప్రవహించును? మరమగ్గపు నకలువైపునకు. కొన్ని రకముల చీరలను చేనేతకే ప్రత్యేకించుటకు 1985లో పార్లమెంటు చేనేత రిజర్వేషను చట్టము చేసినను, దానికి లోబడని బట్ట బజారునిండ నున్నది. ఒక సంస్థ చేనేత పేరుతో మొదలై, రెండవ విడత పెట్టుబడి వచ్చునాటికి మరమగ్గపు సరకును కలిపి అమ్ముటకు దిగజారిన, ఆ దోషము సంస్థాపకుని శీలములోకంటె అతడు ఎన్నుకొన్న ధనపు స్వభావములో ఎక్కువ వెదకవలయును.

పెట్టుబడిదారుడు ఇచ్చు మరియొక సలహా గలదు: చీరలు పాతకాలపువి, కుర్తాలు కుట్టింపుడు. వినుటకు ఇంపుగనే యుండును. కాని కుట్టిన దుస్తునకు కొలతలు గలవు. అయిదు కొలతలు, నాలుగు రంగులైన ఇరువది రకములు. రకమునకు పదేసి ఉంచిన రెండువందల దుస్తులు. వానిలో మధ్యకొలతలు అమ్ముడై, చిన్నవియు పెద్దవియు మిగిలి, ఏడాది చివర సగము ధరకు పోవును. ఇంటర్నెట్టులో కొన్నవారు కొలత చాలలేదని త్రిప్పి పంపు సరకు వేరు. చీరకు కొలత బెడద లేదు. తల్లియు కూతురును కోడలును అదే చీరను కట్టవచ్చును. మూలధనము తక్కువగా నున్నవానికి ఇంతకంటె అనుకూలమైన వస్త్రము మరియొకటి కానరాదు. నా అభిప్రాయములో కోడుమూరు పేరుతో వెలయు మొదటి వస్త్రశ్రేణి చీరలకును, మహా అయితే దుపట్టాలకును పరిమితము కావలయును. అందును పెండ్లిపట్టును విడిచి, ఉద్యోగమునకు పోవు స్త్రీ వారమునకొకసారి కట్టుకొనగల తేలిక నూలుచీరతో ఆరంభింపవలయును. పెండ్లిచీర ఏటికొకటి అమ్ముడగును, నూలుచీర ఏటికి నాలుగు.

చీరలపై పెట్టుబడి పెట్టుటకు దేశములో ధనము లేక కాదు. 2005లో హైదరాబాదులో కళామందిర్‌గా ఆరంభమైన సాయి సిల్క్స్ సంస్థ 2023 సెప్టెంబరులో ప్రజలకు వాటాలు అమ్మి, 1,201 కోట్ల రూపాయల ఇష్యూను నడిపినది. టాటావారి టైటాన్ సంస్థ 2017లో తనైరా అను చీరల దుకాణములను తెరచినది. మూలధనము చీర అమ్ము చోటివరకు నిరభ్యంతరముగా వచ్చుచున్నది. చీర నేయు చోటికి దిగుటకు వెనుదీయుచున్నది. దుకాణము అద్దెయో సొంతమో యగు స్థలము, లెక్కకు వచ్చు సరకు, దినదినమును చేతికి వచ్చు నగదు గలది. మగ్గము ఎవరి యింటనో యుండును. దాని లెక్క ఎవరి తలలోనో యుండును. కోడుమూరులో పెట్టుబడి కోరువాడు మొదట చేయవలసినది ఆ తలలోని లెక్కను కాగితముపై దింపుట: ఏ మగ్గమున ఏ పడుగు ఎక్కినది, ఎంత జరీ ఇచ్చితిమి, చీర ఏనాడు దిగినది, కండెలు చుట్టిన ఇల్లాలికి ఎంత ముట్టినది, చీర ఏ దుకాణమున ఎన్నాళ్లు పండినది. ఏడాది లెక్క సరిగా వ్రాసిన పుస్తకమును చూపినవానికి బ్యాంకు ద్వారమైనను, బంధువుల ద్వారమైనను ఎంతోకొంత తెరచుకొనును.

నేతగానినే వాటాదారునిగా చేయు ప్రయత్నములు మనదేశములో జరుగకపోలేదు. అమెరికా నుండి వచ్చిన జాన్ బిస్సెల్ 1960లో స్థాపించిన ఫాబ్‌ఇండియా, ఆయన కుమారుని హయాములో ప్రాంతీయ సరఫరా సంస్థలను ఏర్పరచి, వానిలో చేతిపనివారికి వాటాలు ఇచ్చినది. 2022 జనవరిలో ఆ సంస్థ స్టాకు మార్కెట్టునకు పోవుటకు దరఖాస్తు పెట్టినపుడు, యజమానులు తమ వాటాలలో ఏడు లక్షలకు పైగా చేతిపనివారికిని రైతులకును కానుకగా ఇచ్చెదమని ప్రకటించిరి. 2023 ఫిబ్రవరిలో, మార్కెట్టు అనుకూలముగా లేదని, ఆ దరఖాస్తును వెనుకకు తీసికొనిరి. వారి సద్బుద్ధిని శంకింపను. కాని పై నుండి దయతో దిగివచ్చు వాటా, మార్కెట్టు గాలి మారిననాడు దిగిరాకయే పోవునని ఈ ఉదంతము తెలుపుచున్నది.

క్రింది నుండి లేచిన ప్రయత్నమునకై దూరము పోనక్కరలేదు. కోడుమూరు దాటి అదే బాటలో ముందుకు సాగిన ఎమ్మిగనూరు వచ్చును. నాడు బళ్లారి జిల్లాలోనిదై, 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు కర్నూలు జిల్లాలో చేరిన ఆ ఊరిలో మాచాని సోమప్ప 1938లో నేతగాండ్ర సహకార ఉత్పత్తి విక్రయ సంఘమును స్థాపించిరి. కరవులు నేతగాండ్రను వలసబాట పట్టించు ఆ రోజులలో, నేతగాండ్రు తామే సభ్యులై, తామే చిన్నచిన్న వాటాలు కట్టి, సంఘము ద్వారా నూలు తెచ్చుకొని, సంఘమునకే సరకు అప్పగించి, ఎమ్మిగనూరు పేరును దుప్పట్లకును తెరలకును ముద్రగా నిలుపుకొనిరి. సోమప్పగారికి పద్మశ్రీ లభించినది 1954లో, అనగా ఆ బిరుదు ఏర్పడిన యేడే. సహకారసంఘములు పిమ్మట ఎట్లు క్షీణించినవో చెప్పుకొనిన గ్రంథమగును: ఎన్నికల రాజకీయములు, మగ్గము లేని సభ్యులు, అమ్ముడుపోని సరకు గిడ్డంగులలో మురుగుట, ప్రభుత్వసంస్థలు కొన్న బట్టకు ఏండ్ల తరబడి బకాయి పెట్టుట. ఈ వ్యాధులను చూచి మూలసూత్రమునే తప్పుపట్టుట పాడి గాదు. నూలునకు ముందుగా సొమ్ము కూర్చుకొనుట, సరకునకు ఒకే పేరు పెట్టుట, ఆ పేరు నేతగాండ్ర చేతిలో నుండుట అను మూడును ఎమ్మిగనూరులో ఒకే నీడన చేరినవి. నేటి వస్త్రవ్యాపారులు బ్రాండు అనుచు వెంపరలాడునది దీనికే గదా!

సహకారచట్టముపై నమ్మకము పోయినవారికి ఇతర మార్గములు గలవు. కంపెనీల చట్టములోని ఉత్పత్తిదారుల కంపెనీ పద్ధతిలో పదిమంది నేతగాండ్రు చేరి కంపెనీ పెట్టుకొనవచ్చును. చేనేతను చట్టమే ఆ నిర్వచనములో చేర్చినది. ఎవనికి ఎన్ని వాటాలున్నను ఓటు ఒక్కటే. బయటి ధనికుడు వాటాలు కొని పెత్తనము చేయుటకు వీలులేదు. వ్యవసాయేతర ఉత్పత్తిదారుల సంఘములకు నాబార్డు సాయము చేయుచున్నది. బయటి ధనమే కావలయునన్న యువకుడు ప్రైవేటు లిమిటెడు కంపెనీ పెట్టి, ఊరు విడిచి హైదరాబాదులోను అమెరికాలోను స్థిరపడిన మన జిల్లావారిని పేరుపేరునా అడుగవచ్చును; ఏడాదికి రెండువందలమందికి మించి వాటాల ప్రతిపాదన చేయరాదనియు, ఊరిలో కనబడినవారినెల్ల పిలిచి డిపాజిట్లు పట్టరాదనియు మాత్రము చట్టపు కట్టడి. ఈ కట్టడిని విసుగుకొనువారు అగ్రిగోల్డ్ ఖాతాదారుల వెతను ఒక్కసారి స్మరించిన చాలును. కూలి డబ్బు కట్టి మోసపోయిన కుటుంబములు రాష్ట్రమంతటను గలవు. వారి యెదుటికి పోయి, మగ్గముపై పెట్టుబడి పెట్టుడని అడుగువానిని వారు అనుమానముతో చూచిన తప్పు వారిది కాదు.

ఇంతకును నేను మొదట వేసిన లెక్కకు మరల వచ్చెదను. అందులో పెట్టుబడిదారుని అక్కరలేని ఒక సందు గలదు. నాలుగు నెలలలో రెండున్నర నెలలు దుకాణదారుని యొద్ద గడచుచున్నవి. అనగా దుకాణమునకు అప్పు ఇచ్చుచున్నవాడు కోడుమూరు నేతగాడే. అదియు వడ్డీ లేకుండ. 2006నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము ప్రకారము, ఉద్యమ్ రిజిస్ట్రేషను గల సూక్ష్మపరిశ్రమ వద్ద సరకు కొన్నవాడు వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నను 45 దినములకు మించి సొమ్ము ఆపరాదు. ఒప్పందము లేనియెడల గడువు 15 దినములే. దాటిన, బ్యాంకురేటునకు మూడింతల చక్రవడ్డీ ఇయ్యవలయును. అంతటితో ఆగక, 2024–25 మదింపు సంవత్సరము నుండి, గడువులోపల చెల్లింపని అట్టి బాకీని కొనుగోలుదారుడు చెల్లించువరకు తన ఆదాయపుపన్ను లెక్కలో ఖర్చుగా చూపుకొనుటకు వీలులేదు. ఈ చట్టము అమలైనచో మన పది మగ్గముల సంస్థకు నాలుగు నెలలు మూడగును. కావలసిన ధనము 9,60,000 నుండి 7,20,000కు తగ్గును. ఎవనికిని వాటా ఇయ్యక, ఎవని యెదుటను నిలువక, 2,40,000 రూపాయలు చేతికి వచ్చినట్లే.

దుకాణదారులు దీనికి విరుగుడు కనిపెట్టకపోలేదు. సరకు కొన్నట్లు కాగితము వ్రాయరు. అమ్ముడుపోయిన తరువాతనే సొమ్ము, పోనిది వాపసు అను షరతుమీద మూట దింపించుకొందురు. ఆ పద్ధతిలో అమ్మకమే జరుగలేదు గనుక చట్టము వర్తింపదు. ఇట్టి షరతును త్రోసిపుచ్చు నేతగాడు ఒక్కడే యైనచో, దుకాణదారుడు ప్రక్కింటి మగ్గపు సరకు తెచ్చుకొనును. పెట్టుబడిదారునికై తిరుగుటకు వెచ్చించు ఓపికలో నాలుగవ వంతు వెచ్చించి, కోడుమూరులో అంచు కూడలి వేయగల ఇండ్లన్నింటిని చుట్టి, బిల్లు లేనిదే మూట దింపబోమని అందరిచేతను ఒప్పింపగల యువకుడో యువతియో ఆ ఊరిలో ఎవరున్నారు?